ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారు, నేను ఎవరి మాట వినాలి?

గోదావరి జిల్లాల నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. వయసు 33. పేరు, ఊరు వద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు 14 నెలల కిందట, సిజేరియన్. కడుపుతో ఉండగా ఏడో నెలలోనే కుడివైపు నడుము కింద, పిరుదు పైభాగంలో పోటు మొదలైంది. కాన్పయితే అదే పోతుందిలే అన్నారు అందరూ. పోలేదు. ఇప్పుడు మంచం మీద పక్కకు తిరగాలన్నా, మెట్లెక్కాలన్నా, ఒంటికాలి మీద నిలబడి లెగ్గింగ్ తొడుక్కోవాలన్నా పొడిచినట్టవుతోంది. వరసగా నాలుగు పీరియడ్లు నిలబడితే తొడ వెనక నుంచి మోకాలి దాకా లాగుతుంది. ఇల్లు పై అంతస్తులో. నాలుగు నెలలుగా దాదాపు రోజూ మందుల షాపులో నొప్పి బిళ్ళ కొని వేసుకుంటున్నారు. నడుముకు బెల్టు పెట్టుకుంటున్నారు, యూట్యూబ్ చూసి ఆసనాలు కూడా వేస్తున్నారు.

మొదటి డాక్టరు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు, ఫిజియోథెరపీకి పంపారు. పది రోజులు వేడి పెట్టారు, కరెంటు పెట్టారు. ఆ పూటకు హాయిగా ఉండేది, మర్నాటికి మామూలే. రెండో డాక్టరు ఎమ్మారై తీయించారు. అందులో డిస్క్ కొంచెం ఉబ్బిందని వచ్చింది. అయినా ఆయన పరీక్ష చేసి, మీ నొప్పి డిస్కుది కాదు, ఎస్ఐ జాయింటుది, అంటే వెన్నెముక చివర కటి ఎముకతో కలిసే కీలుది, ఇంజెక్షన్ వేద్దాం అన్నారు. మూడో ఆయన సిటీలో పెద్ద ఆసుపత్రి సర్జన్. స్క్రూలు వేసి ఆ కీలు బిగించేస్తే నొప్పి శాశ్వతంగా పోతుందనీ, రెండున్నర లక్షలవుతుందనీ, దసరా సెలవుల్లో పెట్టుకుందామనీ అన్నారు.

అత్తగారు మాత్రం ఇదంతా ఆపరేషనప్పుడు వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లేనంటున్నారు. ఎదురుకాళ్లతో పుట్టిన ఒకాయన్ని పిలిపించి నడుము మీద కాలితో తొక్కించారు కూడా. ఎక్స్‌రేలో ఏమీ లేదన్న రోజు నుంచి ఇంట్లో ఎవరూ తన నొప్పిని నమ్మడం లేదని ఆమె బాధ. "మా ఆయన ఏమీ అనరు. కానీ ఆ ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెడుతోంది" అని రాశారు. ఉత్తరం చివర్లో రెండు సంగతులు ముక్తసరిగా చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గింది. మేనమామకు నలభై ఏళ్లు దాటకుండానే నడుము బిగుసుకుపోయి ముందుకు వంగిపోయింది.

ఆమె ముఖ్యమైన ప్రశ్నలు మూడు. ఎవరి మాట వినాలి? ఇంజెక్షన్ ఒకసారి వేయించుకుంటే అలవాటు పడిపోతుందా? ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుందా?

అమ్మా,

ముందు మూడో ప్రశ్నకు జవాబు చెప్తాను. దాని వల్లే మీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కాలు పడిపోదు. ఎస్ఐ జాయింట్ నొప్పి మనిషిని ఎంత ఏడిపించినా కాలికి వెళ్లే నరాలను చంపేది కాదు. ఆపరేషన్ ఆలస్యమైతే ఏదో చేజారిపోతుందన్న భయం పెట్టుకోకండి. మీకు ఆలోచించుకునే టైముంది.

మీ నొప్పి నిజమైనదే. ఎక్స్‌రేలో కనపడకపోవడం ఈ నొప్పి విషయంలో వింతేమీ కాదు. వెన్నెముక చివర తోక ఎముకకు పైన ఒక త్రికోణపు ఎముక ఉంటుంది, త్రికాస్థి అంటారు. దానికి రెండు పక్కలా కటి ఎముకలు వచ్చి అతుక్కునే చోటు శాక్రోఇలియాక్ జాయింట్, పొట్టిగా ఎస్ఐ జాయింట్. నడుము వెనక కింది భాగంలో రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి చూడండి, దాదాపు ఆ చోటే. పైనుంచి ఒంటి బరువంతా అక్కడికి దిగి, అక్కడి నుంచి రెండు కాళ్లలోకి పంచుకుపోతుంది. అందుకే ఆ కీలు మోకాలిలా వంగదు, కదలిక రెండు మూడు డిగ్రీలకు మించదు. దాన్ని గట్టిగా పట్టి ఉంచేవి చుట్టూ ఉన్న తాళ్లలాంటి బంధాలు, లిగమెంట్లు అంటారు. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు దారి ఇవ్వడానికి హార్మోన్లు ఆ బంధాలను వదులు చేస్తాయి, పైగా పొట్ట బరువు ముందుకు లాగుతుంది. చాలామందికి కాన్పయిన కొన్ని నెలలకు మళ్లీ బిగుస్తాయి. కొందరికి పొట్ట, పిరుదుల కండరాలు బలం పుంజుకోక, బాలింతతనం పూర్తిగా తీరకముందే పనిలో పడి, ఆ కీలు మీద రాపిడి మిగిలిపోతుంది. మీ కథ ఇదే అనిపిస్తోంది.

అత్తగారి అనుమానం సంగతి. ఈ మాట మన దగ్గర ఎంతమంది తల్లులు అంటారో లెక్కలేదు. ఆమెను తప్పుపట్టకండి, కోడలికి నొప్పి ఎందుకొచ్చిందా అని ఆమె కూడా వెతుక్కుంటున్నారు. మత్తు సూది వేసిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. నెలల తరబడి ఉండే నడుము నొప్పికి అది కారణం కాదని ఆ సూది వేయించుకున్నవాళ్లనూ, వేయించుకోనివాళ్లనూ పోల్చి చూసిన పరిశోధనల్లో తేలింది. మీ నొప్పి ఏడో నెలలోనే మొదలైందని మీరే రాశారు. సూది పడింది రెండు నెలల తర్వాత. ఈ ఒక్క మాట ఆమెకు నెమ్మదిగా చెప్పండి, చాలు. తొక్కించడం మాత్రం మళ్లీ వద్దు. నూనె రాసి మెల్లగా మర్దన చేస్తే నష్టం లేదు, కండరం కాస్త వదులవుతుంది. విరవడం, తొక్కడం, ఒక్కసారిగా లాగడం చేస్తే ఇప్పటికే వదులుగా ఉన్న బంధాలకు మరింత దెబ్బ.

ఇప్పుడు అసలు విషయం. ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారని మీరు కంగారుపడుతున్నారు. నాకు అలా కనపడలేదు. ముగ్గురూ ఒకే నిచ్చెనలో మూడు మెట్లు చెప్పారు. ఇబ్బంది ఏమిటంటే, మీరు మొదటి మెట్టు ఎక్కామనుకుంటున్నారు కానీ ఎక్కలేదు. వేడి, కరెంటు నొప్పిని కాసేపు జోకొడతాయి. ఆ పది రోజుల్లో మీ చేత ఒక్క వ్యాయామం చేయించినట్టు ఉత్తరంలో లేదు. ఎస్ఐ జాయింట్‌కి ఫిజియోథెరపీ అంటే వ్యాయామమే. అది జరగకుండా "ఫిజియోథెరపీ పనిచేయలేదు, ఇక ఆపరేషనే" అన్న లెక్క నేను ఒప్పుకోను.

ఏ మెట్టు ఎక్కేముందైనా నొప్పి ఆ కీలుదేనని రూఢి చేసుకోవాలి. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమంటే, ఈ కీలు నొప్పి ఉన్నవాళ్లు చాలాసార్లు నేను చెప్పిన ఆ గుంట పక్కనే, ఒక సెంటీమీటరు అటూ ఇటూగా వేలు పెడతారు. మీరూ పెట్టి చూసుకోండి. తర్వాత డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి కటి ఎముకలను పక్కలకు నొక్కడం, పక్కకు తిప్పి పైనుంచి అదమడం, మోకాలు మడిచి తొడ మీదుగా కిందికి నెట్టడం లాంటి ఐదు పరీక్షలు చేస్తారు. మీ నొప్పి అచ్చం అలాగే మూడింట్లోనైనా బయటపడితే ఈ కీలు మీద అనుమానం బలపడుతుంది. రెండో డాక్టరు ఎమ్మారై రిపోర్టు చేతిలో పెట్టుకుని కూడా దాన్ని నమ్మకుండా పరీక్ష చేసి చెప్పారంటే, ఆయన శ్రద్ధగా చూశారని నా అభిప్రాయం. డిస్క్ ఉబ్బు గురించి బెంగ వద్దు. ఏ నొప్పీ లేని ముప్ఫై ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా నూటికి దాదాపు 40 మందిలో అది కనిపిస్తుంది. డిస్కు నరాన్ని నొక్కితే నొప్పి సాధారణంగా మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి దిగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మీది మోకాలి దగ్గర ఆగిపోతోంది.

మీరు ముక్తసరిగా రాసిన మేనమామ సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. నలభై లోపే నడుము బిగుసుకుపోయి వంగిపోవడం అన్నది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లు వాచి క్రమంగా బిగుసుకుపోయే జబ్బు కావచ్చు. అది కూడా ఇదే కీలు దగ్గర మొదలవుతుంది, కుటుంబాల్లో నడుస్తుంది, సాధారణంగా 45 ఏళ్లలోపే బయటపడుతుంది. మీకు అది ఉందని అనడం లేదు. లేదని తేల్చుకోవాలంటున్నాను. ఎందుకంటే ఆ దారిలో వైద్యం పూర్తిగా వేరు. మీ నొప్పి కదిలితే ఎక్కువ, పడుకుంటే తక్కువ. ఆ జబ్బులో తిరగబడి ఉంటుంది. విశ్రాంతిగా ఉంటే నొప్పి పెరుగుతుంది, నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. లేచాక నడుము అరగంటకు పైగా కొయ్యబారినట్టుంటుంది. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక నొప్పి పెట్టడం, చర్మం మీద సొరియాసిస్ మచ్చలు, ఇవేమైనా ఉన్నాయా? ఒక్కటున్నా రుమటాలజీ (కీళ్లవాత జబ్బుల) డాక్టరును కలవండి. ఆయన ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యువు ఉందేమో చూసే హెచ్ఎల్ఏ బీ27 రక్తపరీక్ష, ఎస్ఐ జాయింట్లకు వేరుగా ఎమ్మారై రాయొచ్చు. మీరు తీయించుకున్నది నడుము ఎమ్మారై, అందులో ఈ కీళ్లు సరిగా రావు. ఒక జాగ్రత్త: బీ27 పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, అది ఉన్నవాళ్లలో చాలామంది జీవితాంతం బాగానే ఉంటారు. కాన్పయిన ఆడవాళ్లకు ఈ కీలు ఎముకలో వాపు ఏ జబ్బూ లేకుండా కూడా స్కాన్‌లో కనపడొచ్చు. కాబట్టి రిపోర్టు కాగితం చూసి మీరే నిర్ణయానికి రాకండి.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గిపోవడం ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. మన దేశంలో క్షయ ఈ కీలుకు కూడా పడుతుంది. మూత్రం బిగబట్టుకుపోవడం, మర్మావయవాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం, పాదం పైకెత్తలేక వేలాడిపోవడం జరిగితే మాత్రం ఏ ఉత్తరమూ రాయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇవన్నీ లేవని తేలితే మీ ముందు ఉన్న దారులు చెప్తాను.

మొదటిది, నేనైతే ఎంచుకునేది, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు గట్టిగా వ్యాయామం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు మెల్లగా పైకెత్తి దించడం. పక్కకు పడుకుని పాదాలు కలిపి ఉంచి పై మోకాలు మాత్రం తెరవడం. మోకాళ్ల మధ్య దిండు పెట్టి అదమడం. ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోపలికి తీసుకుని పట్టి ఉంచడం. చూడ్డానికి ఇవి ఏమంత వ్యాయామాలు అనిపిస్తాయి. కానీ వదులైన బంధాల పనిని కండరాలకు అప్పగించే దారి ఇదే. ఆడవాళ్ల సమస్యలు తెలిసిన ఫిజియోథెరపిస్టు దొరికితే మరీ మంచిది. వెళ్లగానే "నాకు కరెంటు వద్దు, వ్యాయామాలు నేర్పండి, రెండు వారాలకోసారి వచ్చి చూపిస్తాను" అని అడగండి. మొదటి రెండు మూడు వారాలు ఏ తేడా తెలియదు, చాలామంది అక్కడే మానేస్తారు. యూట్యూబ్‌లో చూసి ఆసనాలు వేస్తున్నానన్నారు. కూర్చుని ముందుకు బాగా వంగేవి, నడుము మెలితిప్పేవి, ఒక కాలు మడిచి ఒక కాలు చాపేవి ప్రస్తుతం ఆపండి.

ఇంకో మాట అడుగుతాను, సిగ్గుపడకండి. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతున్నాయా? మీరు రాయలేదు, చాలామంది రాయరు. పడుతుంటే కటి అడుగు కండరాలు బలహీనంగా ఉన్నాయని అర్థం. వాటి వ్యాయామం కూడా కలిపితేనే ఈ నొప్పికి పూర్తి ఫలితం ఉంటుంది.

మీరు పెట్టుకుంటున్న బెల్టు నడుముకు పెట్టుకునేది. అది ఈ కీలుకు పనికిరాదు. ఎస్ఐ బెల్టు సన్నగా ఉంటుంది, నడుముకు కాదు, ఇంకా కిందికి, తుంటి ఎముకల పైన చుట్టూ బిగించాలి. నడిచేటప్పుడు, స్కూల్లో నిలబడేటప్పుడు వేసుకుని, ఇంటికొచ్చాక తీసేయండి. చేత్తో కటి ఎముకలను రెండు పక్కలా గట్టిగా అదిమి పట్టుకుని నడిచి చూడండి. నొప్పి తగ్గినట్టుంటే బెల్టు మీకు పనికొస్తుంది, లేకపోతే డబ్బు దండగ. కొన్ని వారాలకు మించి దాని మీద ఆధారపడకండి.

ఈ వారాల్లో ఇంటి పని తీరు మారకపోతే వ్యాయామం చేసినదంతా సాయంత్రానికి పోతుంది. బిడ్డను ఒకే చంకన ఎత్తుకుని ఆ తుంటి బయటికి పెట్టి నిలబడటం, స్కూటర్ వెనక ఒక పక్కకు కూర్చోవడం, తడిగుడ్డ పెట్టడానికి కింద గొంతుక్కూర్చుని ఒక పక్కకు జరగడం, నీళ్ల బిందె నడుముకు ఆనించి మెట్లెక్కడం, ఇవన్నీ ఆ ఒక్క కీలునే మెలితిప్పుతాయి. బిడ్డను ఎదకు ఆనించి ఎత్తుకోండి. స్కూటర్ మీద రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోండి. బట్టలు మంచం మీద కూర్చుని తొడుక్కోండి. పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి, తిరిగేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపి ఒక్కసారే తిరగండి. మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు, దిగేటప్పుడు కుడి కాలు ముందు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి నడవండి. తడిగుడ్డ, బిందెలు మూడు నెలలు వేరేవాళ్లు చూసుకోవాలి. ఇది మీరు అడిగే సాయం కాదు, మందు చీటీలో మొదటి మందు.

నొప్పి బిళ్ళల గురించి. ఈ వ్యాయామం మొదలుపెట్టే రోజుల్లో కొద్ది రోజులు డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటే తప్పులేదు. నాలుగు నెలలు షాపతను ఇచ్చినది రోజూ మింగితే మాత్రం కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీకీ చేటు. ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పాలు ఇస్తుంటే ఆ సంగతి తప్పక చెప్పండి, అందుకు తగ్గ మందు రాస్తారు.

రెండో దారి ఇంజెక్షన్. అలవాటు పడిపోతుందన్న భయం వద్దు, అది మత్తుమందు లాంటిది కాదు. దీనికి రెండు ఉపయోగాలు. ఒకటి, నిర్ధారణ. కీలులోకి తిమ్మిరి మందు వెళ్లాక మొదటి కొన్ని గంటల్లో నొప్పి ముప్పావు వంతు పోయిందంటే దొంగ దొరికినట్టే. అందుకే ఆ రోజు ఇంటికొచ్చి పడుకోకుండా మెట్లెక్కి చూడండి, పక్కకు తిరిగి చూడండి, గంట గంటకూ నొప్పి ఎంతుందో కాగితం మీద రాయండి. రెండోది, ఉపశమనం. తోడుగా వేసే స్టెరాయిడ్ కొన్ని రోజుల తర్వాత పనిచేయడం మొదలుపెట్టి వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. ఆ గడువులో వ్యాయామం చేస్తేనే దాని ప్రయోజనం. నొప్పి పోయింది కదా అని మళ్లీ బిందె ఎత్తితే ఆ సూది వృథా. ఇది ఎక్స్‌రే తెర మీద గానీ, సీటీలో గానీ సూది ఎక్కడుందో చూస్తూ వేయాలి. వట్టి చేత్తో తడిమి వేస్తే చాలాసార్లు కీలులోకి వెళ్లదు. అల్ట్రాసౌండ్‌తో కూడా వేస్తారు, కానీ నిర్ధారణ కోసమైతే మొదటి రెండే నమ్మకం. మీకు కాన్పులో షుగర్ వచ్చింది కాబట్టి ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి. స్టెరాయిడ్ కొన్ని రోజులు షుగర్‌ను పెంచుతుంది. ఏడాదికి మూడు నాలుగుకు మించి ఎవరూ వేయకూడదు.

ఇంజెక్షన్ బాగా పనిచేసి మళ్లీ మళ్లీ నొప్పి తిరిగొచ్చేవాళ్లకు, ఆ కీలు నుంచి నొప్పి కబురు మోసే సన్న నరాలను రేడియో తరంగాల వేడితో కాల్చే పద్ధతి ఉంది. ఫలితం వచ్చినవాళ్లకు ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉంటుంది, నరం మళ్లీ పెరిగాక నొప్పి రావచ్చు. నెదర్లాండ్స్‌లో చేసి 2017లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, వ్యాయామానికి దీన్ని జోడించినా వట్టి వ్యాయామం కంటే చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. ఆ తర్వాత పద్ధతులు మెరుగయ్యాయని చేసేవాళ్లు అంటారు. మీ దశకు ఇది ఇంకా దూరం. మీ రక్తమే తీసి ప్లేట్‌లెట్లు ఎక్కించే పీఆర్పీ గురించి అడిగారు. ఈ కీలుకు దాని మీద ఆధారాలు ఇంకా తక్కువ, ఖర్చు ఎక్కువ.

ఇక ఆపరేషన్. మూడు టైటానియం ముక్కలను చిన్న కోతలోంచి పక్కగా దించి కీలును బిగించేస్తారు. మంచి ఫలితాలు చూపించిన పరిశోధనలున్నాయి, దాంతో కోలుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ నార్వే, స్వీడన్లలో కొందరికి నిజంగా ముక్కలు వేసి, కొందరికి కోత మాత్రమే పెట్టి, ఎవరికి ఏది చేశారో వాళ్లకు చెప్పకుండా పోల్చి చూస్తే ఆరు నెలలకు ఇద్దరిలోనూ తేడా తేలలేదు. "శాశ్వతంగా పోతుంది" అన్న మాట ఏ సర్జనూ గ్యారంటీగా అనకూడదు. ముక్క నరానికి తగలడం, వదులు కావడం, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం, తక్కువే అయినా ఉన్నాయి. ఒకసారి బిగించిన కీలును మళ్లీ మునుపటిలా చేయలేం. కనీసం ఆరు నెలలు సరైన వ్యాయామం చేసి, చూస్తూ వేసిన ఇంజెక్షన్‌తో కీలుదే నొప్పి అని తేలి, అప్పటికీ బతుకు సాగనప్పుడు ఆలోచించేది ఇది. మీ విషయంలో ఈ రెండూ ఇంకా జరగలేదు. అడ్వాన్స్ కట్టకపోతే దసరా తేదీ వాయిదా వేయమని ఫోన్ చేయండి. కట్టి ఉంటే కూడా వెనక్కి అడగండి. సెలవులు వ్యాయామం అలవాటు చేసుకోవడానికి వాడుకోండి.

మీ భర్త మౌనం గురించి. ఆయనకు నమ్మకం లేదో, ఏం చేయాలో తోచడం లేదో మనకు తెలియదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా ఆయన్ని లోపలికి తీసుకెళ్లండి. ఆ పరీక్షలు చేసేటప్పుడు మీ ముఖం ఆయన చూడాలి. ఏ పనులు మానాలో డాక్టరు నోటితోనే ఆయనకు చెప్పించండి. ఆయన రానంటే, డాక్టరు చేత ఆ పనుల జాబితా చీటీ మీద రాయించుకురండి. అత్తగారికి కూడా చదివి వినిపించండి. స్కూల్లో హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి వరసగా నాలుగు పీరియడ్లు పడకుండా టైమ్ టేబుల్ మార్పించుకోండి. క్లాసులో ఒక కుర్చీ ఉంచుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఉత్తరం అందాక రెండు వారాలు ఒక నోటుబుక్కులో ఇవి రాయండి: లేవగానే బిగుతు ఎన్ని నిమిషాలుంది, రాత్రి నొప్పికి ఎన్ని గంటలకు మెలకువ వచ్చింది, లేచి నడిస్తే తగ్గిందా పెరిగిందా. ఆ పుస్తకం రెండో డాక్టరుకు చూపించండి. మూత్రం సంగతి, కన్ను ఎర్రబడటం సంగతి నాకు జవాబు రాయండి. ఆ రెండూ తెలిస్తే రుమటాలజీ డాక్టరు దగ్గరికి ముందు వెళ్లాలో, ఫిజియోథెరపిస్టు దగ్గరికి ముందు వెళ్లాలో చెప్పగలను.